వేషం దక్కలేదని కడుపునొప్పి!

ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి ఇలా రాశారు:

"డాక్టరు గారూ! మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి చదువుతోంది. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. అద్దం ముందు నిలబడి సినిమా డైలాగులు చెప్పి అందరినీ నవ్విస్తుంది. మా ఊరి కళాసమితి వారు ఉగాదికి పిల్లల నాటిక వేస్తున్నారు, పిల్లల్ని ఎంపిక చేస్తున్నారు అంటే సంబరపడి తీసుకువెళ్ళాం. పది రోజులు బట్టీపట్టిన డైలాగు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. నోరు పెగల్లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి 'ఇక చాల్లేమ్మా, తర్వాతి వాళ్ళు రండి' అన్నారు. వెనక ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. అది జరిగి రెండు వారాలైంది. అప్పటి నుంచి రోజూ బడి వేళకి కడుపునొప్పి అంటోంది. ఆదివారం మాత్రం నొప్పి ఉండదు. నులిపురుగుల మందు వేశాం. మా అత్తగారు దిష్టి తీశారు. 'నొప్పీ లేదు గిప్పీ లేదు, నటిస్తోంది' అంటున్నారు వాళ్ళ నాన్నగారు. ఏం చేయమంటారు?"

అమ్మా, నటించలేకపోయిందని వెనక్కి పంపేసిన పిల్ల ఇంట్లో రెండు వారాలుగా ఇంత చక్కగా నటిస్తోందంటే, తప్పు ఎంపిక చేసినవారిదే అనుకోవాలి! మీ అమ్మాయి నటించడం లేదు. ఆమెకి నిజంగానే నొప్పి వస్తోంది. ఇలాంటి పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు కాబట్టి ఈ వారం దీన్ని గురించే వివరంగా చెప్పుకుందాం.

నొప్పి అబద్ధం కాదు

మన పేగుల గోడల్లో నరాల అల్లిక ఒకటి ఉంటుంది. దానికీ మెదడుకీ మధ్య రాకపోకలు ఎప్పుడూ సాగుతూనే ఉంటాయి. పరీక్ష హాలు ముందు నిలబడితే పెద్దవాళ్ళకి కూడా కడుపులో తిప్పినట్లుంటుంది కదా, కారణం అదే. మనసులో భయం పెరిగితే పేగుల కదలిక మారుతుంది. మామూలుగా తెలియని చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పెద్దవాళ్ళు "నాకు బెంగగా ఉంది" అని చెప్పగలరు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ మాట దొరకదు. దొరికినా చెప్పడానికి సిగ్గు. అందుకే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి "ఇక్కడ నొప్పి" అంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1958లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఆప్లే, నేయిష్ అనే వైద్యులు వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలించారు. ఇంచుమించు ప్రతి పదిమందిలో ఒకరికి మళ్ళీ మళ్ళీ కడుపునొప్పి వస్తోందని తేలింది. వారిలో చాలామందికి లోపల ఏ జబ్బూ కనిపించలేదు. జబ్బు కనిపించనంత మాత్రాన నొప్పి లేదని కాదు.

అయితే "అంతా బెంగే" అని మీకై మీరు తేల్చేసుకోకండి. ఒకసారి డాక్టరుకి చూపించి, మూత్రపరీక్ష వంటి చిన్న పరీక్షలు చేయించండి. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయవద్దు: రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, బొడ్డు దగ్గర కాక ఒక పక్కన, ముఖ్యంగా కుడివైపు కింద వచ్చే నొప్పి, జ్వరం, మాటిమాటికీ వాంతులు, విరేచనంలో నెత్తురు, మూత్రానికి వెళ్ళినప్పుడు మంట, బరువు తగ్గిపోవడం. ఇవేవీ లేకుండా నొప్పి బడివేళకి వచ్చి, సెలవురోజున మాయమవుతుంటే కారణం పొట్టలో కాక మరోచోట వెతకాలి.

ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగింది?

పదిమంది ఎదుట నిలబడగానే పిల్ల మెదడు దాన్ని ఆపద అనుకుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలాయి. కుక్క వెంటపడినప్పుడు పరిగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటు అది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని చేతులు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నాలుక అంగిట్లో అంటుకుంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది, గొంతు సన్నబడి వణుకుతుంది. పరిగెత్తడానికి ఇవన్నీ బాగానే పనికొస్తాయి. డైలాగు చెప్పడానికి మాత్రం అడ్డం.

దీనికి తోడు బట్టీపట్టిన మాటలు ఆ గందరగోళంలో సమయానికి అందవు. పైగా మీ అమ్మాయి అద్దం ముందు ఒంటరిగా నేర్చుకుంది. నలుగురి ముందు చెప్పడం ఒక్కనాడైనా అభ్యాసం చేయలేదు. ఈత గురించి చదివి ఏట్లో దూకినట్లయింది.

కొద్దిపాటి కంగారు మంచిదే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. కష్టమైన పని నేర్చుకునేటప్పుడు బెదురు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా నేర్పు తగ్గుతుందనీ, మధ్యస్థంగా ఉంటేనే బాగా నేర్చుకుంటాయనీ చూశారు. పేరున్న నటులకీ తెర లేచే ముందు గుండె దడదడలాడుతుంది. కాబట్టి మీ అమ్మాయి పిరికిది కాదు. ఆమె ఒళ్ళు చేయవలసిన పనే, కాస్త మోతాదు మించి చేసింది.

కళ్ళూ చెవులూ చూపించారా?

తడబడిన ప్రతి పిల్లా భయంవల్లే తడబడదు. ఎంపికలో ఒక్కోసారి కాగితం ఇచ్చి చదవమంటారు. దృష్టిలోపం ఉన్న పిల్ల తడుముకుంటుంది. చాలామంది పిల్లలకి హ్రస్వదృష్టి బడికి వెళ్ళే వయసులోనే మొదలవుతుంది. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకి చెవిలో నీరు చేరి వినికిడి మందగిస్తుంది. అవతలివారు అందించిన మాట వినపడక తెల్లమొహం వేస్తారు. అది చూసి మనం "మందబుద్ధి" అంటాం! బడిలో బోర్డు సరిగ్గా కనిపించడం లేదన్నా, పిలిస్తే రెండోసారికి గాని పలక్కపోయినా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి.

ఇంట్లో ఆ పూట

ఇలాంటి దెబ్బ తగిలిన పిల్లకి ఎక్కువ హాని వేదిక దగ్గర కాదు, ఇంటికి వచ్చాక జరుగుతుంది. సాధారణంగా మన ఇళ్ళలో నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి.

మొదటిది, "పరువు తీశావు. పక్కింటి వాళ్ళ పిల్ల చూడు ఎంత బాగా చెప్పిందో!" ఇది పుండు మీద కారం చల్లడం.

రెండోది, "వాళ్ళకేం తెలుసు? ముందే తమ వాళ్ళకి వేషాలు ఇచ్చేసుకున్నారు." ఇది వినడానికి హాయిగా ఉంటుంది. కాని ఓడినప్పుడల్లా తప్పు ఇతరులదే అని నేర్పుతుంది. మళ్ళీ అక్కడికి వెళ్ళే దారి కూడా మూసేస్తుంది.

మూడోది, "నువ్వే అందరికంటే బాగా చేశావు." తను ఆగిపోయానని పిల్లకి తెలుసు. అమ్మ అబద్ధం చెప్పిందంటే నిజం చెప్పలేనంత ఘోరం జరిగిందన్నమాట అనుకుంటుంది.

నాలుగోది, "ఓస్, ఇదీ ఒక లెక్కా! పద, ఐస్‌క్రీం కొనిపెడతా." ప్రేమతోనే అంటారు. కాని పిల్లకి అది లెక్కే. ఏడుపు పూర్తి కాకముందే నోట్లో మిఠాయి పెడితే ఏడుపు లోపలే ఉండిపోతుంది.

మరి ఏమనాలి? ముందు ఏమీ అనకండి. పక్కన కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత, "నలుగురి ముందు మాట రాకపోతే చాలా కష్టంగా ఉంటుంది కదూ" అనండి. ఆ ఒక్కమాటతో "అమ్మకి అర్థమైంది" అని పిల్ల గుండె తేలికపడుతుంది. ఆ తర్వాత జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి: "రెండు ముక్కలు చెప్పావు, అక్కడ ఆగిపోయావు. ఈసారికి వేషం రాలేదు." ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఇంటికి వచ్చిన చుట్టాల ముందు మాత్రం ఆ కథ చెప్పి నవ్వించకండి. బడిలో నవ్విన పిల్లల్ని మరచిపోవచ్చు గాని, ఇంట్లో నవ్విన పెద్దల్ని పిల్లలు మరచిపోరు.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. 1998లో ముల్లర్, డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాల్లో, "నువ్వు చాలా తెలివైనదానివి" అని మెచ్చుకున్న పిల్లలు ఒకసారి ఓడాక నీరుగారిపోయారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్న పిల్లలు మళ్ళీ పట్టుదలగా ప్రయత్నించారు. కనుక "నువ్వు పుట్టు నటివి" అని ఇన్నాళ్ళూ అన్న ఇల్లు ఇకమీదట "పది రోజులు శ్రద్ధగా నేర్చుకున్నావు" అనడం మంచిది.

అసలు ప్రమాదం ఇదీ

వేషం రాకపోవడం వల్ల ఏ పిల్లా చెడిపోదు. తప్పించుకోవడం అలవాటైతేనే చిక్కు. కడుపునొప్పి అనగానే బడి మాన్పించారనుకోండి, పది నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. పిల్ల కావాలని మోసం చేయలేదు, భయపెట్టేది దూరమైంది కాబట్టి ఒళ్ళు సర్దుకుంది. కాని ఆ ఊరట మెదడుకి ఒక పాఠం చెబుతుంది: "అక్కడికి వెళ్ళకపోతేనే క్షేమం." మర్నాడు నొప్పి ఇంకాస్త గట్టిగా వస్తుంది. ఇవాళ వేదిక, రేపు తరగతిలో పద్యం అప్పజెప్పడం, ఎల్లుండి టీచర్ని సందేహం అడగడం, ఇలా ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతుంది. పెద్దయ్యాక అన్నీ తెలిసినా ఇంటర్వ్యూలో నోరు విప్పలేని వారిలో కొందరి కథ ఇలాగే మొదలవుతుంది.

అందుచేత ప్రమాద లక్షణాలు లేవని డాక్టరు చెప్పాక, చిన్న నొప్పి ఉన్నా బడికి పంపండి. కసరకుండా, బతిమాలకుండా, "నొప్పిగా ఉందని నాకు తెలుసు, కాసేపటికి తగ్గుతుంది, పద" అని నెమ్మదిగా చెప్పండి. కాపడం పెట్టవచ్చు. రోజూ మాత్రలు మాత్రం మింగించకండి. టీచరుతో ఒకసారి మాట్లాడి, నవ్విన పిల్లలు అదే తరగతిలో ఉన్నారేమో, వెక్కిరిస్తున్నారేమో కనుక్కోండి. వెక్కిరింత సాగుతుంటే దాన్ని ఆపించడం పెద్దల పని. అది పిల్ల మీద వదిలేయకండి.

మెట్టు మెట్టుగా

భయం ఉన్నచోటికి చిన్న చిన్న మెట్లమీద తిరిగి వెళ్ళడమే దీనికి మందు. మొదటి వారం రాత్రిపూట బామ్మకి ఒక కథ పైకి చదివి వినిపించమనండి. రెండో వారం ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని పిలిచి దుప్పటి తెరకట్టి ఇంట్లోనే నాటకం ఆడుకోనివ్వండి. తర్వాత బడి ప్రార్థనలో అందరితో కలిసి పాడటం, ఆ తర్వాత ఒంటరిగా నాలుగు వాక్యాలు చెప్పడం, పేటలో వినాయక చవితి పందిట్లో ఒక చిన్న పద్యం. ఒక మెట్టుమీద భయం సగానికి తగ్గాకే తర్వాతి మెట్టు. కాలు జారితే ఒక మెట్టు కిందికి దిగండి, మొదటికి రానక్కర్లేదు.

వీలుంటే ఆ కళాసమితి వారినే అడగండి: "వేషం లేకపోయినా ఫరవాలేదు, రిహార్సల్సు చూడనిస్తారా? తెరవెనక చిన్న పని ఏదైనా ఇస్తారా?" కిరీటాలు అందించే పిల్ల నెలరోజుల్లో నాటకమంతా కంఠతా పట్టేస్తుంది. ఎక్కడ ఓడిందో అక్కడికే భయం లేకుండా వెళ్ళగలగడం వేషం రావడం కంటే పెద్ద గెలుపు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాలను చూడండి. ఆ ఇళ్ళలో పిల్లలు తెరవెనకే పెరుగుతారు. చంకలో పిల్లగా, చిన్నికృష్ణుడిగా, లవకుశులుగా కొంచెం కొంచెంగా వేదికకి అలవాటు పడతారు. మన పిల్లల్ని మనం పదిరోజుల్లో ఒక్కసారిగా వెలుగులోకి తోసి, తడబడితే ఆశ్చర్యపోతాం!

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. వేషం కావాలన్న కోరిక పిల్లదా, మీదా? "నాకు నాటకాలు ఇష్టం లేదు, బొమ్మలు వేసుకుంటాను" అని తేలిగ్గా నవ్వుతూ అంటే వదిలేయండి, అది ఇష్టాయిష్టాల సంగతి. "ఇష్టమే గాని అందరూ నవ్వుతారు" అంటే మాత్రం వదలకండి, అది భయం.

మళ్ళీ వెళ్ళేనాడు

ముందురోజు రాత్రి త్వరగా పడుకోబెట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఖాళీ కడుపుతో పంపవద్దు. ఇడ్లీయో, పెరుగన్నమో తేలిగ్గా పెట్టండి. దగ్గర మంచినీళ్ళు ఉంచండి. వెళ్ళేముందు మూత్రానికి పంపండి.

ఊపిరి చిట్కా ఒకటి వారం ముందునుంచే నేర్పండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చుకుని, వేడి పాలు ఊదుతున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలాలి. పీల్చే కాలం కంటే వదిలే కాలం ఎక్కువ ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. అయిదారు సార్లు చాలు. మాట మరచిపోతే ఏం చేయాలో కూడా ముందే నేర్పండి: ఆగు, ఊపిరి వదులు, "మళ్ళీ మొదలుపెట్టవచ్చా అండీ?" అని అడుగు. ఈ ఒక్క వాక్యం తెలిసిన పిల్ల వేదికమీద నిలువునా కూలిపోదు.

ఎంపిక చేసే పెద్దలకీ ఒక విన్నపం. పదిమందిలో ముగ్గురినే తీసుకోగలరు, నిజమే. కాని "చాల్లే" అనే బదులు, "ఆగిపోయావు, ఫరవాలేదు, ఇంకొక్కసారి చెప్పు" అనడానికి అరనిమిషం పడుతుంది. ఒక్కొక్కరినీ విడిగా పిలిస్తే వెనక నవ్వేవారుండరు. తీసుకోనివారికి "ఈసారి కాదు, ఏడాదికి మళ్ళీ రా" అని మీ నోటితో చెప్పండి. ఆ అరనిమిషంతో ఒక పిల్ల బెంగ తీరవచ్చు.

నిపుణులకి ఎప్పుడు చూపించాలి?

చాలామంది పిల్లలు రెండు మూడు వారాల్లో సర్దుకుంటారు. ఆ తర్వాత కూడా బడికి వెళ్ళనని మొరాయిస్తున్నా, నిద్రా తిండీ తగ్గినా, మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలైనా, ఇంట్లో మాట్లాడుతూ బయట నెలకి మించి మౌనంగా ఉండిపోయినా పిల్లల మానసిక వైద్యులకి చూపించండి. పిచ్చి ఉన్నవారే అక్కడికి వెళతారనే భయం వద్దు. "నేను బతికి ఏం లాభం" వంటి మాట పిల్ల నోట వస్తే వయసు చిన్నదని కొట్టిపారేయకుండా ఆ రోజే డాక్టరుని కలవండి. టెలిమానస్ వారి 14416 నంబరుకి ఫోను చేస్తే తెలుగులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: వేదిక ఎక్కే ముందు వేసుకుంటే గుండెదడ రాదని ఒక మాత్ర గురించి విన్నాను. మా పదేళ్ళ బాబుకి వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. మీరు విన్నది ప్రొప్రనలాల్ కావచ్చు. కొందరు పెద్దవారికి డాక్టరు సలహామీద ఇస్తారు. ఉబ్బసం ఉన్న పిల్లలకి ఊపిరాడకుండా చేస్తుంది. ఖాళీకడుపున ఉన్న పిల్లల్లో రక్తంలోని చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎవరో ఇచ్చిన మాత్ర పిల్లలకి వేయకండి.

ప్రశ్న: మా అబ్బాయి రాక్షసుడి వేషం కోసం అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. నెల దాటింది. మిరియాల పాలు ఇస్తున్నాం.

జవాబు: మిరియాల పాలు హాయిగా ఉంటాయి గాని, అరుపులవల్ల స్వరతంత్రుల మీద లేచిన చిన్న కాయల్ని తగ్గించలేవు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించి తీరాలి. ఎక్కువమంది పిల్లలకి ఆపరేషను అవసరం రాదు. గొంతుకి విశ్రాంతి, మాట్లాడే పద్ధతిలో శిక్షణ సరిపోతాయి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, దానివల్లా గొంతు అలుస్తుంది.

ప్రశ్న: మా పాపకి నత్తి. నాటకంలో వేస్తామంటే మాకే భయంగా ఉంది.

జవాబు: భయపడకండి. నత్తి ఉన్న పిల్లల్లో చాలామంది పాట పాడేటప్పుడు, అందరితో కలిసి చెప్పేటప్పుడు, వేరే పాత్రగా మాట్లాడేటప్పుడు ధారాళంగా చెబుతారు. ముందు బృందంలో చేర్చండి. ఆమె మాటని మీరు పూర్తిచేయకండి, "నెమ్మదిగా చెప్పు" అని పదేపదే హెచ్చరించకండి. స్పీచ్ థెరపిస్టుకి చూపిస్తూ ఉండండి. పాప వెళతానంటే మాత్రం మీ భయంతో ఆమెని ఆపకండి.